పచ్చకొండ మీద అక్టోబరు కత్తిరింపు

మా అపార్టుమెంటు నీళ్ల సంపు చాలడం లేదని మొన్న వేసవిలో దాన్ని వెడల్పు చేయించారు. జేసీబీ తవ్వుతుండగా మట్టిలోంచి ఒక రాయి బయటపడింది. మామూలు బండరాయి కాదు. నిలువెత్తు పొడవున నాలుగు పలకలుగా చెక్కిన రాతిస్తంభం, కడీ అంటారు. ఒక చివర గరుకుగా వదిలేశారు, రెండో చివర అడ్డంగా గాడి తీశారు, ఆ గాడిలో తుప్పు చారిక ఉంది. మేస్త్రి దాన్ని చూసి పాత సమాధి రాయేమోనని నాలుగడుగులు వెనక్కి వేశాడు. సంఘం ప్రెసిడెంటు శాంతి చేయించాలేమోనని పంతులుగారికి ఫోన్ కలపబోయాడు. నేను చేతికర్ర ఆనించుకుని వంగి చూశాను. గరుకు వైపు భూమిలో పాతేది. గాడి జీఐ తీగ కూర్చునేది. తుప్పు ఆ తీగది. అది ద్రాక్షపందిరి కడీ అనీ, ఈ చుట్టుపక్కలంతా ఒకప్పుడు ద్రాక్షతోటలేననీ చెప్పాను. ప్రెసిడెంటు మర్యాదగా తలూపి, "ఇక్కడా సార్, ద్రాక్షా?" అన్నాడు. ఆయనకి నలభై ఏళ్లుంటాయి. ఆయన తప్పు లేదు.

ఆ రాయిని గుర్తుపట్టడం నాకు నేర్పినవాడు అంజయ్య. నేర్పింది హైదరాబాదులో కాదు, ఒమన్‌లో, నిజ్వా దగ్గర ఒక రోడ్డు కంపెనీ క్యాంపులో, సిమెంటు దుమ్ము పడిన నేల మీద వేలితో బొమ్మ గీసి. నేను తెనాలి వైపు వాణ్ణి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, ఊళ్లో ఉద్యోగం దొరక్క సర్వేయరుగా అక్కడికి వెళ్లాను. డెబ్బైల నడిమి సంవత్సరాలవి. ఆ దేశంలో అప్పుడు తారురోడ్డు అంటే మస్కట్ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఊళ్ల వరకే. మిగిలినదంతా గులకరాళ్ల వాగులు, ఖర్జూరపు తోటలు, వాటి వెనక ఎటు చూసినా గోధుమరంగు కొండలు.

క్యాంపు రోజులు తలుచుకుంటే నాకు ముందు వాసనలు వస్తాయి. పొద్దున జనరేటరు డీజిలు వాసన. మెస్‌లో ఉల్లిపాయలు మాడే వాసన. మధ్యాహ్నం వేడెక్కిన రేకుల వాసన. వీటన్నిటి కిందా రోజంతా తడిగోనెల వాసన. కల్వర్టులకి పోసిన కాంక్రీటు ఎండకి పగలకుండా గోనెసంచులు కప్పి, తడి ఆరకుండా చూడాలి. అది అంజయ్య పని. హైదరాబాదు పొలిమేరలో ఒక పెద్ద ద్రాక్షతోటలో ఇరవై ఏళ్లు కత్తిరింపు మేస్త్రిగా ఉన్నవాడు, ఇక్కడ బకెట్టు, రబ్బరు పైపు పట్టుకుని కాంక్రీటుకి నీళ్లు పోసేవాడు. నేను లెవెల్స్ చూసుకోవడానికి వెళ్లినప్పుడల్లా నిలబడి నమస్కారం పెట్టి, గోనె మీద నీళ్లు జల్లుతూ అదే మాట అనేవాడు.

"ఇది తాగుతది గనీ కాయది సారూ."

నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఎప్పుడూ పైకి చూసి పనిచేసినందువల్ల మెడ కొంచెం వెనక్కి వాలి ఉండేది. ఆయన ట్రంకు పెట్టెలో ఉన్నవి నేను ఒకసారి చూశాను: రెండు లుంగీలు, ఎల్లమ్మ తల్లి పటం, పసుపు పొట్లం, నూనెగుడ్డలో చుట్టిన కత్తిరింపు కత్తెర. శుక్రవారం అందరూ బట్టలు ఉతుక్కుంటుంటే ఆయన ఆ కత్తెర విప్పి, తుడిచి, స్ప్రింగుకి మెస్‌లోని కొబ్బరినూనె పట్టించి మళ్లీ చుట్టేవాడు. ల్యాండ్ రోవర్ డ్రైవరు యూసుఫ్ భాయ్‌ది హైదరాబాదు పాతబస్తీ. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. అది చూసినప్పుడల్లా ఒక చురక అంటించకుండా పోయేవాడు కాదు.

"అరె అంజన్నా, కత్తెరకు నెయ్యి పెడ్తున్నవ్, పెండ్లి జేస్తవా ఏంది? పిల్లను జూసినవా?"

"జూస్తున్న భాయ్. నీకు చెల్లెలుంటే జెప్పు."

"ఉన్నది. గనీ ఆమెకు గడ్డమొస్తది, నా తీరుగనే."

ఆ సంవత్సరం చివరికి కల్వర్టులు అయిపోతాయని, కాంక్రీటు గ్యాంగు వీసాలు రద్దుచేసి ఇంటికి పంపుతారని కంపెనీ చెప్పింది. అందరికీ దిగులే, అంజయ్యది వేరే దిగులు. తోట బావులు ఎండిపోయాయి. షావుకారు తోటని ప్లాట్లు చేసి అమ్ముతున్నాడని ఇంటి నుంచి కబురు వచ్చింది. వెళ్లినా కత్తెర పట్టే చోటు లేదు. ఇక్కడ ఉన్నా గోనెలే, అవీ ఏడాది చివరి వరకే.  రెండు శుక్రవారాలు ఆయన కత్తెర విప్పలేదు. యూసుఫ్ అది కనిపెట్టాడు.

నిజ్వా సంతకి జబల్ అఖ్దర్ మీది నుంచి, అంటే పచ్చకొండ మీది నుంచి, దానిమ్మకాయలు దించే ఖల్ఫాన్ అనే ముసలాయన ఉండేవాడు. కొండ మీద ఆయనకి దానిమ్మచెట్లు, గులాబీపొదలు, ఒక పెద్ద ద్రాక్షపందిరి ఉన్నాయి. కొడుకులిద్దరూ సైన్యంలో చేరారు. నిచ్చెన మీంచి పడ్డాక ఆయన మోకాలు మడత పడదు. పందిరి చూసే మనిషి లేడని సంతలో అందరితోనూ అంటాడని యూసుఫ్ చెప్పాడు. ఆయనకి నచ్చితే అంజయ్య వీసాని తన పేర రాయించుకోవచ్చు. కంపెనీ విడుదల కాగితం ఇస్తే చాలు, దేశం వదలక్కరలేదు. కొండ మీదికి వెళ్లాలంటే అప్పట్లో సైన్యం అనుమతి కావాలి. దారి సర్వే మా కంపెనీ చేతిలోనే ఉంది కనక ఆ చిక్కు లేదు. అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. బండిలో నేను పెట్టించినవి: నీళ్ల డబ్బాలు, అదనపు టైర్లు రెండు, తాడు, రొట్టెలు, ఉడికించిన గుడ్లు, ఎత్తు కొలిచే బారోమీటరు, థర్మామీటరు. అంజయ్య పెట్టినవి రెండే, కత్తెర, పసుపు పొట్లం.

బిర్కత్ అల్ మౌజ్ అరటితోటలు దాటాక దారి గోడెక్కినట్టు పైకి లేచింది. యూసుఫ్ చిన్న గేరులోంచి చేయి తీయలేదు. సైన్యం చెక్‌పోస్టు దగ్గర ఒకసారి, ఇంజను మరిగి ఇంకోసారి ఆగాం. కొండ మీద పూర్వం ద్రాక్షసారాయి చేసేవాళ్లని, ఇప్పటికీ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుందని క్యాంపులో ఒక పుకారు. ఎత్తు చూసిన భయం పోవడానికి అంజయ్య ఆ మాట ఎత్తాడు.

"భాయ్, జెర అడుగు ముసలాయన్ని. మా కల్లు అసొంటిదా, ఇంకోతీర్గుంటదా?"

"తౌబా. నేను నమాజుకు పోవాలె, నువ్వు నన్ను కల్లు దుకాణం అడ్రస్ అడుగుమంటవ్. సర్‌ను అడుగుమను. సర్ చదువుకున్నోడు, తప్పైనా మాఫీ ఉంటది."

నేను నవ్వి బారోమీటరు చూసుకున్నాను. మెలిక మెలికకీ ఎత్తు, ఉష్ణోగ్రత రాసుకుంటున్నాను. కింద చొక్కా తడిసిపోయేంత వేడి. పైకి పోయేకొద్దీ పాదరసం దిగుతోంది. రెండువేల మీటర్లకి దగ్గరయ్యేసరికి అంజయ్య గోనెసంచి కప్పుకున్నాడు. ఆ అంకెలు నాకు కావలసినవి తారు కలపడానికి, రోడ్డు వాలు చూడటానికి. అవి ద్రాక్షతీగకి కూడా అంకెలేనని బండిలో ఉన్న ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

పైకి చేరాక కొండ విచ్చుకుంది. లోయ అంచున ఊళ్లు తేనెపట్టుల్లా అతుక్కుని ఉన్నాయి. ఇళ్లు ఆ కొండరాయితోనే కట్టినవి కావడంతో మనుషులు కదిలితేగానీ అది ఊరని తెలియదు. ఒక్కో ఊరి కింద మెట్లుమెట్లుగా మళ్లు, మళ్ల మధ్య చేతివెడల్పు కాలవలో మంచినీళ్లు. మొదటి ఊళ్లో గులాబీనీళ్లు దింపే పొయ్యిల గది చూపించారు. సీజను కాదు, అయినా మసిపట్టిన గోడల్లోంచి గులాబీ వాసన పోలేదు. రెండో ఊళ్లో వాల్‌నట్ చెట్టు కింద పిల్లలు మా బండి చుట్టూ తిరిగారు. అంజయ్య వేటినీ చూడలేదు. ప్రతి మలుపులోనూ మెడ ఎత్తి పందిళ్లనే వెతికాడు. ఆకు పండుబారిన తీగలు ఇళ్ల మీద, గోడల మీద, జునిపరు అనే కొండచెట్టు దుంగల పందిళ్ల మీద కనిపిస్తుంటే ఆయన నోట్లోనే మాట్లాడుకుంటున్నాడు. "కొయ్యలే. ఇది కొయ్యలే. ఇదీ కొయ్యలే. అయ్యో, ఎవ్వడూ కొయ్యలే."

మూడో ఊరు ఖల్ఫాన్‌ది. సన్నగా, తెల్లగడ్డంతో, కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, చేదుకాఫీ ఇచ్చాడు. చాలనుకుంటే గిన్నెని చేతిలో అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. అంజయ్యకి అది తెలియదు. వద్దనడం మర్యాద కాదనుకుని పోసినదల్లా తాగాడు. ఆయన కళ్లు పెద్దవయ్యాక గానీ యూసుఫ్ చెప్పలేదు.

"ఊపు అంజన్నా, గిన్నె ఊపు. లేకపోతే సంక్రాంతి దాకా పోస్తడు."

ముసలాయన ముందు మమ్మల్ని ఇంటి వెనక బండ దగ్గరికి తీసుకెళ్లాడు. బండలో రెండు తొట్లు తొలిచి ఉన్నాయి, ఒకటి పెద్దది ఎగువన, ఒకటి చిన్నది దిగువన. మధ్య సన్నని కాలవ. అంచులు కాళ్ల రాపిడికి నున్నగా అరిగిపోయాయి. తాతముత్తాతలు ఇందులో ద్రాక్ష తొక్కేవారని యూసుఫ్ తర్జుమా చేశాడు. నేను కాలవ వాలు చూశాను. ఇప్పటికీ ఒక్క చుక్క నిలవకుండా దిగేట్టు ఉంది. అంజయ్య ఆత్రంగా అడిగించాడు, తొక్కాక ఆ రసం ఏం చేసేవాళ్లని. యూసుఫ్ గొంతు తగ్గించి అడిగాడు. ఖల్ఫాన్ కాసేపు ఆకాశం చూసి, గడ్డం నిమురుకుని, ఒకే మాట చెప్పాడు.

"సిర్కా అంట," అన్నాడు యూసుఫ్. "పులుపు. కూరల ఏసుకునేది."

ముసలాయన ముందు నవ్వాడు. తర్వాత మేమందరం. ఆ కొండ మీద నేను విన్న ఆఖరి నవ్వు అదే కాబోలు. తొట్టిలో ఇప్పుడు మేకలు నీళ్లు తాగుతున్నాయి.

పందిరి కిందికి వెళ్లగానే అంజయ్య మనిషి మారిపోయాడు. బొటనవేలితో కాండం నొక్కి చూశాడు. రెమ్మ వంచి కణుపులు చూశాడు. ఒక పండుటాకు తెంపి వాసన చూశాడు. కాపు బాగా తక్కువని ముసలాయన చెప్పకముందే చెప్పాడు. తీగ ముదిరింది, దట్టమైంది, బలమంతా ఆకుకే పోతోంది. తోటలో ఇదే పని ఆయన ఏటా రెండుసార్లు చేయించేవాడు. ఎండాకాలంలో ఒకసారి పొట్టిగా కోస్తే కొత్తరెమ్మ వస్తుంది. అక్టోబరులో రెండోసారి ఆ రెమ్మని ఐదారు కండ్లకి, అంటే కణుపు మొగ్గలకి, కోసి, ఎరువేసి నీళ్లు వదిలితే, పదిహేను రోజులు తిరక్కముందే ప్రతి కంటి నుంచీ చిగురు, చిగురు వెంట పూత. శివరాత్రి దాటేసరికి గుత్తులు బరువుకి పందిరి కుంగుతుంది. ఇప్పుడు అక్టోబరు. ఇంతకన్నా మంచి అదను లేదు.

యూసుఫ్ అంతా చెప్పాడు. ఖల్ఫాన్ శ్రద్ధగా విని, తాము కోసేది చలిలోనని, కొంచెమే కోస్తామని అన్నాడు.

"అందుకే కాస్తలేదని జెప్పు భాయ్. చలిల కోస్తే ఏమొస్తది? కోసినోనికి వణుకొస్తది."

యూసుఫ్ ఆ వణుకు సంగతి వదిలేసి మిగతాది చెప్పాడు. ముసలాయన కాసేపు కర్రతో నేల గీశాడు. ముందు ఒక వరస కోసి చూడమన్నాడు. అంజయ్య తల అడ్డంగా ఊపాడు. ఒకే పందిరి, ఒకే నీళ్లు. సగం కోసి సగం వదిలితే కోసిన సగానికి ఎండ తగలదు, కోయని సగం నీళ్లన్నీ లాగేసుకుంటుంది. కోస్తే మొత్తం కోయాలి, తోటలో మొదటి పాఠం అదే. ఖల్ఫాన్ నావైపు చూశాడు. నేను చదువుకున్నవాణ్ణని యూసుఫ్ చెప్పి ఉంటాడు. అంజయ్య చెప్పింది నాకు సబబుగానే తోచింది. నీటి పంపకం గురించి ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అతిథి చేయి పట్టుకుని ఆపడం ఆ ఇంటి పద్ధతి కాదు. "బిస్మిల్లా" అన్నాడు ముసలాయన.

అంజయ్య చెప్పులు విడిచి, మూడు కాండాలకీ పసుపు రాశాడు. తూర్పుకి తిరిగి మొదటి రెమ్మ కోశాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనిని నేను అంతకుముందూ ఆ తర్వాతా ఏ మనిషి చేతిలోనూ చూడలేదు. మెడ వెనక్కి వాల్చి, ఎడమచేత్తో రెమ్మ పట్టి, కన్ను చూసి, కంటికి ఎగువన ఏటవాలుగా టక్కున ఒకటే కోత. చూడటం, కోయడం, వదలడం. యూసుఫ్ జుమ్మాకి వెళ్లి వచ్చాడు. నేను రెమ్మలు మోసి పోశాను. పొద్దు వాలేసరికి పందిరి మీద ఆకు లేదు, ఎండ నేరుగా నేల మీద పడింది. ఖల్ఫాన్ కింద నిలబడి ఆ వెలుతురుని చాలాసేపు చూశాడు. చిగురు కనపడిన రోజున నిజ్వా వచ్చి కాగితం మీద వేలిముద్ర వేస్తానని చెప్పాడు. దిగేటప్పుడు దారంతా అంజయ్య కత్తెర ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఆ కొండ మీదే ఒక రేకుల గది వేసుకుంటానని, రెండో పందిరికి కడీలు రాతివే పెట్టిస్తానని చెప్పాడు. వాటికి గాడి ఇట్లా తీయాలని మర్నాడు సిమెంటు దుమ్ములో నాకు గీసి చూపించాడు. నేను నేర్చుకున్నది అప్పుడే.

చిగురు వచ్చింది. ఆయన చెప్పినట్టే వచ్చింది. ఖల్ఫాన్ గాడిద మీద దిగివచ్చి, తడిగుడ్డలో చుట్టిన లేతరెమ్మ ఒకటి తీసి చూపించాడు. లేత చిలకపచ్చ ఆకులు, చివర నూలుపోగులాంటి నులితీగ, ఆవగింజంత పూతగుత్తి. అంజయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని క్యాంపులో ప్రతి గదికీ తిరిగాడు. మెస్ వంటవాడు ఆ రాత్రి సేమ్యా చేశాడు. ముసలాయన వేలిముద్ర వేశాడు, కాగితం మస్కట్ వెళ్లింది. గ్యాంగులో అందరూ పెట్టెలు సర్దుకుంటున్నారు, ఆయన ఒక్కడే సర్దుకోలేదు. గోనెల మీద నీళ్లు పోస్తూ ఆ పాతమాట మానేశాడు. బదులుగా, "ఇగ నిన్ను ఎవలన్న జూసుకుంటరు తియ్యి," అని కాంక్రీటుతో అనేవాడు.

డిసెంబరులో చలి దిగింది. క్యాంపులోనే రెండు చొక్కాలు వేసుకున్నాం. సర్వే సామాను కోసం కొండెక్కి వచ్చిన యూసుఫ్ ఆ రోజు జోకులేమీ వేయలేదు. చేతులు కాచుకుంటూ, పైన కాలవ అంచున నీళ్లు గాజుముక్కల్లా గట్టిపడ్డాయని మాత్రం చెప్పాడు. అంజయ్య, అంగూర్ ఎట్లుందని అడిగాడు. "నువ్వే జూస్కో అంజన్నా," అన్నాడు యూసుఫ్. ఆ శుక్రవారం మళ్లీ ముగ్గురం వెళ్లాం.

పందిరి మీద చిగుళ్లన్నీ నల్లగా వేలాడుతున్నాయి. పొయ్యి దగ్గర పెట్టి మరిచిపోయిన పూలదండలా ఉన్నాయి. ముట్టుకుంటే చేతికి జిగట, కొంచెం కుళ్లిన ఆకు వాసన. పూతగుత్తులు పొడి అయిపోయాయి. అంజయ్య ఒక్కో రెమ్మా తుంచి చూసి, కింద పడేయకుండా జేబులో వేసుకున్నాడు. తర్వాత పక్కింటి మడిలోకి దిగాడు. అక్కడి తీగ ఎవరూ కోయనిది. దాని మీదా ఒక్క ఆకు లేదు. ఆకంతా దానంతటదే రాలి, తీగ గోధుమరంగు తాడులా పడి ఉంది. హైదరాబాదు ద్రాక్షకి ఆకు దానంతటది రాలదు. అక్కడ మోడుగా కనపడిందంటే మనిషి కోసైనా ఉండాలి, చెట్టు చచ్చైనా ఉండాలి. ఇరవై ఏళ్లలో మూడోది ఆయన చూడలేదు. గోటితో బెరడు గీకాడు. వంగి చూశాడు. ఇంకోచోట గీకాడు. చాలాసేపటికి నన్ను పిలిచాడు.

"సూడుండ్రి సారూ. లోపట పచ్చగున్నది. ఇది సచ్చిపోలే. పండుకున్నది."

నేను చూశాను. బెరడు కింద పచ్చటి చెమ్మ.

"చెట్టు పండుకుంటదని నాకెర్క లేదు," అన్నాడు. "మా దిక్కు అది పండుకోనే పండుకోదు. ఎన్నడు జూసినా మేలుకునే ఉంటది. గిది పండుకునే యాల్లకు నేనొచ్చి లేపిన."

నేను థర్మామీటరు చూశాను. మధ్యాహ్నం కావస్తున్నా పాదరసం కింది గీతల్లోనే ఉంది.

లోపల ఖల్ఫాన్ దగ్గుతూ చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పటిలాగే ఖర్జూరాలు, కాఫీ. పందిరి మాట ఎత్తలేదు. ఒక్కసారీ బయటికి చూడలేదు. యూసుఫ్ ఏదో మొదలుపెట్టబోతే చేయెత్తి ఆపి, ఇంకా పోశాడు. తిట్టినా బాగుండేది. అంజయ్య మొదటి గిన్నె తాగగానే దాన్ని అటూ ఇటూ ఊపాడు. లేచి, కత్తెర చుట్టిన నూనెగుడ్డని గుమ్మం పక్కన గోడకి ఆనించి పెట్టి బయటికి నడిచాడు. బండి దగ్గర నేను అడిగాను, కత్తెర వదిలేశావేమని.

"ఇగ నాకెందుకు సారూ. అది పట్టే చెయ్యి గాదిది."

మర్నాడు ఆఫీసుకి వెళ్లి, మస్కట్ వెళ్లిన కాగితం వెనక్కి తెప్పించమని తానే చెప్పాడు. అంత నష్టం చేసినవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు, ఆ పెద్దమనిషి నోరు తెరిచి పొమ్మనలేక ఊరుకున్నాడంతేనని అన్నాడు. మాకూ అలాగే అనిపించింది. గ్యాంగుతో పాటు సీబ్ విమానాశ్రయానికి బస్సెక్కాడు. ఆయన తీసుకెళ్లినవి: ఒక రేడియో, భార్యకి చీర, పిల్లలకి బిస్కెట్ల డబ్బా, ఎల్లమ్మ తల్లి పటం. వెళ్లేముందు తన ఆఖరి కల్వర్టు మీద గోనెలు సర్ది నీళ్లు పోశాడు. ఏమీ అనలేదు.

కొండ మీద చలి వదిలాక, దారి కొలతలకి నేనూ యూసుఫ్ మళ్లీ ఎక్కాం. అన్ని పందిళ్ల మీదా చిగురు. ఖల్ఫాన్ పందిరి మీద కూడా, ముదురు కాండం నుంచి, చెదురుమదురుగా. గుత్తి ఒక్కటీ లేదు. ఆ ఏడు ఆయనకి ద్రాక్ష లేదు. మమ్మల్ని చూసి ముసలాయన కర్ర మీద నిలబడి బండిలోకి తొంగిచూశాడు. వెనక సీటు చూశాడు. యూసుఫ్‌తో ఏదో అన్నాడు. యూసుఫ్ తల దించుకున్నాడు. నేను రెండుసార్లు అడిగితే చెప్పాడు.

"మనిషేడని అడుగుతున్నడు సర్. కత్తెర పెట్టిపోయిండు గద, వస్తడనే అనుకున్నడంట. చలిల కోసే యాల్లకు రాలే, దారి జూసి జూసి పక్కింటోణ్ణి పిలిచి కొంచెం కోయించిండంట. ఒక ఏడు పోతే పోయింది, ఇప్పుడు వానికి చలి తెలిసింది, ఇంకొకణ్ణి తెస్తే మళ్లా మొదటికెల్లి చెప్పాలె గదా అంటున్నడు."

అంజయ్య పనికిరాడని ఆయన అనుకోలేదు. ఆ రోజు పందిరి మాట ఎత్తకపోవడం కోపం కాదు. ఇంటికి వచ్చినవాణ్ణి సిగ్గుపెట్టకూడదని. యూసుఫ్ అప్పటికి రెండేళ్లుగా వాళ్ల భాషలో మాట్లాడుతున్నాడు. నేను కొండ ఎత్తుని మీటరు తేడా లేకుండా కొలిచాను. ఆ మౌనం మా ఇద్దరికీ అర్థం కాలేదు. ముసలాయన లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. స్ప్రింగుకి నూనె పట్టించి ఉంది. ఒకసారి రద్దైన వీసా మళ్లీ తెప్పించడానికి మస్కట్ ఆఫీసులో నేను తిరిగిన తిరుగుడు వేరే కథ, పని మాత్రం కాలేదు. మరుసటి చలికాలం నాటికి ఖల్ఫాన్ పోయాడు. పందిరిని సైన్యం నుంచి వచ్చిన కొడుకు తీసేయించాడు.

సెలవు మీద వచ్చినప్పుడు అంజయ్యని వెతుక్కుంటూ వెళ్లాను. తోట ఉన్న చోట సున్నం పూసిన హద్దురాళ్లు వరసగా ఉన్నాయి. పీకిన కడీలు ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. అంజయ్య ఆ ప్లాట్లకి కాపలా. రేకుల గది ముందు మంచం వేసి నన్ను కూర్చోబెట్టి, భార్యని చాయ్ పెట్టమన్నాడు. నేను కత్తెర ఇచ్చి, ముసలాయన అన్నది అన్నట్టు చెప్పాను. దాచలేకపోయాను. ఆయన గుడ్డ విప్పలేదు. మెడ వెనక్కి వాల్చి కాసేపు పైకి చూశాడు. పైన పందిరి లేదు.

"వాళ్లు అసలు ఎప్పుడు కోస్తరు సారూ, అక్కడ?"

"మాఘంలో అంజయ్యా. ఆకు లేనప్పుడు, చిగురుకి ముందు."

"మాఘంల," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. "కొంచెమే కొయ్యాలె. సరె సారూ. యాది పెట్టుకుంట."

చాయ్ వచ్చింది. రెండోసారి పోయబోతే గ్లాసు అటూ ఇటూ ఊపాడు. భార్యకి అర్థం కాక నా వైపు చూసింది. ఆ తర్వాత నేను మళ్లీ వెళ్లేసరికి అక్కడ ఇళ్లు లేచాయి, అంజయ్య ఎటు వెళ్లాడో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు కొండ మీదికి తారురోడ్డు ఉంది. మా పక్కఫ్లాటు వాళ్లు పోయినేడు ఆ దేశం వెళ్లి, లోయ అంచున హోటల్లో దిగి, ఒక్కరోజులో ఊళ్లన్నీ చుట్టి వచ్చి, ఫోన్‌లో ఫొటోలు చూపించారు. ఒకదాంట్లో రాతితొట్టి ఉంది. అది ఏమిటో వాళ్లకి ఎవరూ చెప్పలేదట. నేనూ చెప్పలేదు. చెబితే ఇదంతా చెప్పాలి.

మా సంపు పని పూర్తయింది. కడీని ఉంచుకుందామని ఒక మాట అన్నాను. ఎక్కడ పెడతాం సార్ అని ప్రెసిడెంటు అడిగితే నా దగ్గర చోటు లేదు. మేస్త్రి దాన్ని సమ్మెటతో ముక్కలు చేసి అడుగున పరిచాడు, దాని మీద కాంక్రీటు పోశారు. పైన గోనెసంచులు కప్పారు. పొద్దున, సాయంత్రం వాచ్‌మన్ పైపుతో నీళ్లు పెడుతుంటే ఆ తడిగోనెల వాసన రెండో అంతస్తు వరకు వచ్చేది. నేను బాల్కనీలో నిలబడి చూసేవాణ్ణి. ఎన్ని నీళ్లు పోసినా తాగేది.